ఖుత్బాలో ఎవరి పేరు



మా భాంజీ ఖమ్మంలో డిగ్రీ చదువుతుంది. 2024లో ‘రజాకార్’ సినిమా వచ్చినప్పటి నుంచి క్లాసులో ఒకరిద్దరు తనని మస్కరీగా ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టారట. ఇంట్లో చెబితే వాళ్ల అబ్బా ‘పట్టించుకోకు, చుప్ బైఠో’ అన్నాడు. వాళ్ల దాదీ అయితే ‘వాళ్లు మనోళ్లు కాదు బేటా, బయటి ముల్కు నుంచి వచ్చినోళ్లు’ అంది. రెండు జవాబులూ ఆ పిల్లకి సరిపోలేదు. సెలవులకి కారేపల్లి వచ్చినప్పుడు నన్ను పట్టుకుంది.

‘మామూ, మజహబ్ పేరు మీద వర్దీలేసుకొని తిరిగినోళ్లు మనలోనే ఉన్నారా? వేరే ఖౌముల్లో లేరా?’

ఉన్నారు. నాకు తారీఖ్ కితాబులు చదివే పిచ్చి ఉందని దానికి తెలుసు, అందుకే అడిగింది. నేను యోజెఫ్ తిసో సంగతి చెప్పాను.

స్లొవాకియా అని యూరప్‌లో చిన్న ముల్క్. 1939 మార్చి 14న హిట్లర్ ఒత్తిడితో, హిట్లర్ నీడలో పుట్టింది. దానికి సదర్ అయిన తిసో మామూలు లీడర్ కాదు, కేథలిక్ పాదరీ. సదర్ అయ్యాక కూడా బానోవ్‌త్సే అనే ఊళ్లో తన చర్చి బాధ్యత వదులుకోలేదు. ఆ పార్టీకి పేరు కూడా ఇంకో పాదరీదే, ఆంద్రే హ్లింకా. ఆయన 1938లో చనిపోయాడు. ఆయన పేరు మీదే వర్దీల దళం ఒకటి తిరిగింది, హ్లింకా గార్డ్ అని. 1941లో యూదుల మీద పెద్ద కానూన్ తెచ్చారు. 1942లో దాదాపు 58 వేల మంది యూదుల్ని రైళ్లలో కుక్కి జర్మన్ల చేతికి అప్పగించారు. అప్పగించిన తలకి 500 మార్కుల చొప్పున స్లొవాకియా హుకూమతే జర్మనీకి ఎదురు కట్టింది. ఇదంతా ఈసాయీ ధర్మమేనా అని జనం అడుగుతుంటే, ధర్మమేనని ఆ ఏడాది ఆగస్టులో హోలిచ్ అనే ఊళ్లో తిసో స్వయంగా సభలో చెప్పాడు. అప్పుడు వాటికన్‌లో పెద్ద అధికారి తార్దీని తన కాగితాల్లో ఒక మాట రాసుకున్నాడు. పోపు హిట్లర్‌ని ఆపలేడని అందరికీ అర్థమవుతుంది, కానీ ఒక పాదరీని కూడా అదుపులో పెట్టలేడంటే ఎవరికి అర్థమవుతుంది అని దాని సారాంశం. యుద్ధం అయిపోయాక 1947 ఏప్రిల్ 18న తిసోని ఉరి తీశారు.

వింటూ వింటూ పిల్ల ముఖం వెలిగిపోయింది. ‘బస్ మామూ, సోమవారం క్లాసులో ఇదే చెప్తా. మీవాళ్లూ చేశారు అని.’

ఆ వెలుగు నాకు నచ్చలేదు. క్లాసులో తనని ఏడిపించే పిల్లలు స్లొవాకియా వాళ్లూ కాదు, ఈసాయీలు కూడా కాదు. పోనీ అయినా ఏం లాభం? ఒకడి ఇంట్లో దొంగ ఉన్నాడని చూపిస్తే మన ఇంట్లో దొంగ షరీఫ్ అయిపోడు. తారీఖ్‌ని ఇట్లా రాళ్లు రువ్వుకోవడానికి వాడేటోళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు, వాట్సాప్ నిండా వాళ్లే. కాబట్టి కూర్చోబెట్టి మొత్తం కిస్సా చెప్పాను, అక్కడిదీ ఇక్కడిదీ. చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్లలో పిల్లలు అడిగితే పెద్దలకి పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. మన ఇలాఖాలో పాదరీ అనగానే అందరికీ డోర్నకల్ పెద్ద గుడి యాదికొస్తుంది. మసీదు గుంబజులూ దేవాలయం స్తంభాలూ కలిపి బిషప్ అజరయ్య గారు కట్టించింది. అది ప్రొటెస్టెంట్లది. నేను చెప్పేది ఆర్‌సీఎం వాళ్ల సంగతి, అదీ యూరప్ సంగతి. నిజాం రియాసత్‌లో ఆర్‌సీఎం పని ఎక్కువగా చూసుకుంది ఇటలీ మిలన్ నుంచి వచ్చిన పాదరీలే. వాళ్ల బళ్లలో మన పిల్లలు చదువుకున్నారు, వాళ్ల దవాఖానాల్లో మన ఆడవాళ్లకి కాన్పులయ్యాయి. వాళ్ల మీద ఇందులో ఏ ఇల్జామూ లేదు. ఇది చదివి పక్కింటి ఏసురత్నం వైపు ఎవరైనా వేలు చూపిస్తే నా రాత జాయా.

ఇప్పుడు ఇటలీ. 1870లో కొత్తగా ఏర్పడిన ఇటలీ రాజ్యం పోపు చేతుల్లోంచి రోమ్‌ని లాక్కుంది. అప్పటి నుంచి 59 ఏళ్లు పోపులు తమని తాము ఖైదీలమని చెప్పుకుంటూ వాటికన్ దాటి బయటికి రాలేదు. హుకూమత్ పోయిన దుఃఖం ఎట్లుంటుందో మనకి ఒకరు చెప్పాలా? 1857 తర్వాత మన బుజుర్గులు ఎట్లా ఏడ్చారో ఉర్దూ అదబ్ అంతా అదే. హుకూమత్ పోయిన ఖౌముకి ఎవడైనా వచ్చి ‘మీ ఇజ్జత్ మీకు తిరిగి తెస్తా’ అంటే వాడి ముఖం కూడా సరిగ్గా చూడరు.

కానీ ఆ ఇటలీలోనే ఒక పాదరీ వేరే దారి పట్టాడు. సిసిలీ దీవికి చెందిన లుయీజీ స్తుర్జో. 1919లో ‘పోపొలారే’ అని ఒక పార్టీ పెట్టాడు. కేథలిక్ రైతులూ కూలీలూ చిన్న కమతాల వాళ్లూ అందులో చేరారు. అదే ఏడాది ఎన్నికల్లో 100 సీట్లు గెలిచింది. పార్టీ చర్చిది కాదని, ఈమాన్ ఉన్న ప్రజలదని స్తుర్జో పట్టు. ముస్సోలినీని మొదటి నుంచీ నమ్మలేదు. ముస్సోలినీకి కూడా చర్చి కంటే ఈ పార్టీ మీదే ఎక్కువ కోపం. ఎందుకంటే చర్చితో సౌదా కుదుర్చుకోవచ్చు. ఊరూరా సంఘం పెట్టుకొని ఓటేసే రైతులతో కుదరదు.

అట్లాగే చేశాడు. ఖుదాని నమ్మని మనిషి, జవానీలో పాదరీల్ని బండబూతులు తిట్టిన మనిషి, గద్దె ఎక్కగానే బడుల్లో సిలువ పెట్టించాడు, పాదరీల తన్ఖాలు పెంచాడు. వాటికన్‌కి అర్థమైంది, ఈయనతో పని జరుగుతుందని. 1923 జులైలో స్తుర్జో పార్టీ పదవి వదలాల్సి వచ్చింది. ఒత్తిడి పైనుంచే వచ్చింది, తన సొంత చర్చి నుంచి. 1924లో ముల్కే వదిలి లండన్ వెళ్లిపోయాడు. మళ్లీ సొంత గడ్డ మీద కాలు పెట్టింది 1946లో. ఆ 1924లోనే మత్తేయోత్తి అనే సోషలిస్టు మెంబర్‌ని ఫాసిస్టులు ఎత్తుకెళ్లి చంపేశారు. దేశం మొత్తం ముస్సోలినీ మీద మండిపడింది. పోపొలారే వాళ్లూ సోషలిస్టులూ కలిస్తే ఆయన కుర్చీ కదిలేదేమో. కలవకూడదని పోపు చెప్పాడు. 1926కల్లా పార్టీయే లేదు.

ఇక 1929 ఫిబ్రవరి 11న లాతెరన్ ఒప్పందం. పోపుకి వాటికన్ నగరం సొంత రాజ్యంగా దక్కింది, మన కారేపల్లి చెరువులూ చేన్లూ కలిపితే దానికంటే పెద్దగానే ఉంటుంది లెండి. దానితో పాటు 75 కోట్ల లీరాల నగదు, 100 కోట్ల లీరాల బాండ్లు. బడుల్లో దీనీ తాలీమ్, చర్చిలో అయిన నికాహ్‌కి కానూనీ గుర్తింపు. రెండు రోజుల తర్వాత పోపు పదకొండో పయస్, ఈ మనిషిని దైవమే మాకు ఎదురు పంపింది అనే అర్థంలో మాట్లాడాడు. రెండేళ్లు దాటగానే ఆ దైవం పంపిన మనిషి కేథలిక్ యువజన సంఘాల మీద పడ్డాడు. పోపు గట్టిగానే విరుచుకుపడుతూ లేఖ రాశాడు. కానీ లేఖ వెనక నిలబడే పార్టీ ఏది? దాన్ని తామే ఖతం చేసుకున్నారు కదా.

జర్మనీలో ఇదే కిస్సా ఇంకా తొందరగా నడిచింది. 1933కి ముందు చాలామంది బిషప్‌లు నాజీ పార్టీలో చేరొద్దని కేథలిక్కులకి హుకుం ఇచ్చారు. అది నిజం, దాన్ని దాచకూడదు. ఆ హుకుమే 1933 మార్చి 28న వెనక్కి తీసుకున్నారు. అంతకు ఐదు రోజుల ముందు హిట్లర్‌కి సర్వాధికారాలు ఇచ్చే కానూన్‌కి కేథలిక్కుల జెంత్రుమ్ పార్టీ ఓటేసింది. ఆ పార్టీ సదర్ లుద్విగ్ కాస్ కూడా పాదరీయే. చర్చి బళ్లకి, మన హక్కులకి హామీ దొరుకుతుందని ఆయన హిసాబ్. జులై 5న పార్టీ తనంతట తానే ముగిసిపోయింది. జులై 20న వాటికన్‌కీ హిట్లర్ సర్కారుకీ మధ్య ఒప్పందం మీద దస్తఖత్ అయింది. అందులో 32వ షరతు చదవండి. పాదరీలు ఏ రాజకీయ పార్టీలోనూ ఉండరాదు. తాళం వాళ్ల చేత్తోనే వేయించాడు.

నాలుగేళ్ల తర్వాత, 1937లో, పోపు జర్మన్ భాషలోనే ఒక ఖత్ రాసి రహస్యంగా అచ్చు వేయించి మార్చి 21 ఆదివారం నాడు చర్చిలన్నిటిలో చదివించాడు. మాట తప్పారని, నస్ల్‌ని బుత్‌లా పూజిస్తున్నారని. హిమ్మత్ ఉన్న పనే. గెస్టపో అచ్చు వేసిన ప్రెస్సుల్ని లాక్కుంది. బెర్లిన్‌లో లిష్తెన్‌బెర్గ్ అనే పాదరీ 1938 నవంబర్‌లో యూదుల ఇబాదత్‌గాహ్‌లు తగలబడుతున్నప్పుడు తన చర్చిలో నిలబడి అందరికీ వినపడేలా యూదుల కోసం దుఆ చేశాడు. తర్వాత కూడా మానలేదు. 1941లో అరెస్టు చేశారు. 1943లో దఖావ్ క్యాంపుకి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. అట్లాంటివాళ్లు ఉన్నారు. కానీ ఒక్కరొక్కరుగా ఉన్నారు. వాళ్లని ఒకటి చేసే సంఘాన్ని ముందే అమ్మేసి ఉన్నారు.

ఇంకొక్క పేరు, జొవాన్నీ మింజోనీ. ఇటలీలో అర్జెంతా అనే పల్లెటూరి పాదరీ. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిల మధ్య పనిచేసి వెండి పతకం తెచ్చుకున్నవాడు. ఊళ్లో పిల్లల్ని ఫాసిస్టు దళాల్లో చేర్పించమంటే చేర్పించలేదు, వాళ్లకి తన స్కౌట్ దళం పెట్టుకున్నాడు. 1923 ఆగస్టు 23 రాత్రి దుడ్డుకర్రలతో కొట్టి చంపారు. ముప్ఫై ఎనిమిదేళ్లు. పైన రోమ్‌లో పెద్దలు స్తుర్జోని దింపి నెల కాగానే కింద పల్లెలో జరిగిన ఖత్ల్ ఇది.

భాంజీ అప్పటికి నిద్రమత్తులో ఉంటుందనుకున్నా. ‘మన దగ్గర మింజోనీ ఎవరు మామూ?’ అంది.

మన దగ్గరికి రావాలంటే డోర్నకల్‌లో బండి మారాలి, అంతే. మానుకోట, అంటే మహబూబాబాద్. షోయబుల్లా ఖాన్ ఆ ఇలాఖా వాడే. 1920లో పుట్టాడు. తండ్రి హబీబుల్లా ఖాన్ నిజాం రైల్వే పోలీసులో నౌకరీ. ఉస్మానియాలో డిగ్రీ చేశాడు. తల్చుకుంటే సర్కారీ నౌకరీ దొరికేది, ఖలం పట్టాడు. మందుముల నర్సింగరావు గారి ‘రయ్యత్’లో రాశాడు. సర్కారు దాన్ని మూయించాక 1947 నవంబర్‌లో బూర్గుల రామకృష్ణారావు లాంటివాళ్ల సాయంతో తనే ‘ఇమ్రోజ్’ పెట్టాడు. ఇమ్రోజ్ అంటే నేడు.

అప్పటి హైదరాబాద్ సంగతి పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పాలి. మజ్లిస్ 1927లో పుట్టింది. బహదూర్ యార్ జంగ్ దాన్ని పెద్దది చేశాడు. మీలాద్ జల్సాల్లో ఆయన తఖ్రీర్ వింటే రాళ్లు కూడా ఏడ్చేవని మా దాదీ అనేది. 1944లో ఆయన పోయాడు. 1946లో కాసిం రజ్వీ చేతికి వచ్చింది. రజ్వీ ఆలిమ్ కాదు, లాతూర్ వకీలు. ముస్సోలినీ పాదరీ కాడు, జిన్నా సాబ్ మౌల్వీ కాడు, అట్లాగే ఇదీ. మజహబ్ పేరుతో ఫౌజు కట్టే మనిషికి మజహబ్ తెలియనక్కర్లేదు, తెలిసినవాళ్లు ఖామోష్‌గా ఉంటే చాలు. మజ్లిస్ సిద్ధాంతం ‘అనల్ మాలిక్’. నేనే మాలిక్. రియాసత్‌లో ప్రతి ముసల్మానూ పాలకుడే, ఆలా హజ్రత్ ఆ పాలనకి ఒక నిషానీ. రజాకార్లు అల్లా మీద ఒట్టు పెట్టుకొని ఈ పైచేయిని నిలబెడతామని ఖసమ్ తినేవారు.

మాలిక్! 1940లో జనగామ దగ్గర కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు తన కాస్త భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టులో కొట్లాడి గెలిచాడు. గెలిచినందుకు దేశ్‌ముఖ్ మనుషులు నరికేశారు. ముసల్మాన్ బాద్షా రాజ్యంలో ముసల్మాన్ రైతు. ఆయన మాలికానా ఎక్కడ పోయింది? మన దూదేకులవాళ్లు, మన ఫకీర్లు, కారేపల్లి నుంచి ఇల్లెందు బొగ్గు గనులకి నడిచిపోయిన కూలీలు, వీళ్లలో ఎవరు మాలిక్? దేశ్‌ముఖ్‌ల గడీలకి కాపలా కాయడానికి రజాకార్లు వెళ్లారు. బందగీ లాంటోడి గుడిసెకి ఎవరూ వెళ్లలేదు.

వర్దీ, కవాతు, ఒకడే లీడర్ అనే ఈ గాలి ఒక్క మన ఇంట్లోకే రాలేదు. హిందూ మహాసభ నాయకుడు మూంజే 1931 మార్చి 19న రోమ్‌లో ముస్సోలినీని కలిశాడు. అక్కడి పిల్లల దళాల్ని చూసి మెచ్చుకొని వచ్చి 1937లో నాసిక్‌లో మిలిటరీ స్కూలు పెట్టాడు. పంజాబ్‌లో అల్లామా మష్రిఖీ 1931లో ఖాక్సార్లకి ఖాకీ వేయించి భుజాన బేల్చా పెట్టించాడు. ఆ కాలంలో చాలామందికి అది బలంగా కనిపించింది. నిజాం రాజ్యం జాగీర్దారీ రాజ్యం, ఇటలీ లాంటిది కాదు. రెండూ ఒకటేనని నేను అనను. నేను పోలుస్తున్నది మింబర్ దగ్గర జరిగినదాన్ని మాత్రమే.

ఇక్కడే ఉలమా సంగతి వస్తుంది. నిజాం రియాసత్‌లో ఉమూర్-ఎ-మజ్హబీ అని ఒక మహకమా ఉండేది. మసీదులు, ఖాజీలు, పేష్ ఇమాములు, దర్గాలు, ఆఖరికి దేవాలయాల, చర్చిల ఇమ్దాద్ కూడా అందులోంచే. ఖైరియత్ గల పనే, ఎన్నో మసీదులు దానివల్లే నిలబడ్డాయి. కానీ ఖుత్బా ఎవరి తన్ఖాతో చదువుతామో దుఆ వాళ్లకే చేస్తాం. దేవ్‌బంద్‌లో మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ సాహెబ్ 1938లోనే ‘ముత్తహిదా ఖౌమియత్ ఔర్ ఇస్లాం’ అని కితాబు రాశారు. ఈ ముల్కులో హిందువులూ ముస్లింలూ కలిసి ఒకే ఖౌమ్‌గా ఉండొచ్చని, దీన్ దాన్ని ఆపదని. ఇక్బాల్ అంతటి షాయర్ ఆయన మీద విరుచుకుపడ్డాడు. మదనీ సాహెబ్ వెనక్కి తగ్గలేదు. ఆయన ఇంగ్లీషువాళ్ల మాల్టా జైలు చూసొచ్చిన మనిషి. అట్లాంటి ఆవాజ్ హైదరాబాద్ మింబర్ల మీద నుంచి గట్టిగా వచ్చి ఉంటే? రాలేదు. వచ్చిన ఆవాజ్ అఖ్బారుల నుంచి, షాయర్ల నుంచి వచ్చింది. మఖ్దూమ్, ‘పయామ్’ నడిపిన ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, షోయబుల్లా. మౌల్వీసాబ్‌లు చెప్పాల్సిన హక్ బాత్‌ని, మఖ్దూమ్ లాంటి కమ్యూనిస్టు చెప్పాడు. ఇమామె ఆజం అబూ హనీఫా ఖలీఫా మన్సూర్ ఇస్తానన్న ఖాజీ పదవి వద్దని ఖైదుకి వెళ్లారని ప్రతి మదర్సాలో చెప్తారు. చెప్పడం వేరు.

మా దాదా కారేపల్లి దగ్గర ఒక చిన్న పల్లెలో పేష్ ఇమామ్. నెలకి ఎంతొచ్చేదో తెలియదుగానీ వడ్లూ వచ్చేవని దాదీ చెప్పేది. ప్రతి జుమాకీ ఖుత్బాలో ఆలా హజ్రత్ సలామతీ కోసం దుఆ ఉండేది. 1948 ఎండాకాలంలో ఇల్లెందు వైపు నుంచి రజాకార్లు వచ్చి, జుమా తర్వాత చందా అడిగి, ఊరి కుర్రాళ్లని పేర్లు రాయించమన్నారట. దాదా ఏమన్నాడు అని చిన్నప్పుడు చాలాసార్లు అడిగాను. దాదీ జవాబు ఎప్పుడూ ఒకటే. ‘క్యా బోల్తే బేటా, కుచ్ నై బోలే.’ ఏమీ అనలేదు. వాళ్లకి చాయ్ ఇచ్చారు, వాళ్లు వెళ్లారు, ఇద్దరు కుర్రాళ్లు వాళ్లతో వెళ్లారు. ఒకడు తిరిగి రాలేదు.

మా దాదా తిసో కాదు, మింజోనీ కూడా కాదు. చాలామంది ఆయన లాంటివాళ్లే, అక్కడైనా ఇక్కడైనా.

షోయబుల్లా అన్నాడు. రజాకార్ల జుల్మ్‌ని పేరు పెట్టి రాశాడు. హైదరాబాద్ హిందుస్తాన్‌లో కలవాలని రాశాడు. ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దలు రజాకార్లని రద్దు చేయాలని, ఇలహాఖ్ జరగాలని ప్రకటన ఇస్తే దాన్ని ఇమ్రోజ్‌లో వేశాడు. జమ్రుద్ మహల్ సభలో రజ్వీ, ముస్లిం ఇత్తిహాద్ మీదకి లేచే చేతులు తెగుతాయని బెదిరించాడు. రెండు మూడు రోజుల్లోనే, 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక, ఆఫీసు నుంచి బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో ఇంటికి నడిచిపోతుంటే కాచిగూడ దగ్గర పట్టుకున్నారు. కాల్చారు, రాసే చేతిని నరికారు. అడ్డొచ్చిన ఇస్మాయిల్ చెయ్యి కూడా పోయింది. తెల్లారేసరికి షోయబ్ మియా లేడు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. మింజోనీ పోయి పాతికేళ్లకి ఒక్క రోజు తక్కువ. దీంట్లో ఏ హిక్మత్ ఉందని నేను అనడం లేదు, తేదీలు చూస్తే అట్లా ఉన్నాయి.

తర్వాత ఆగస్టు 27న బైరాన్‌పల్లి. సెప్టెంబర్ 13న ఫౌజ్ వచ్చింది, 17న నిజాం రేడియోలో ఓటమి ఒప్పుకున్నాడు. ఆ తర్వాతి మాట మన ఇళ్లలో గుసగుసగా చెప్తారు, బయటివాళ్లు అసలే చెప్పరు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం, అందులో ‘పయామ్’ ఖాజీ సాహెబ్ కూడా ఉన్నారు, రియాసత్ అంతా తిరిగి రిపోర్టు రాసింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని. ఎక్కువ ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది రజాకార్ వర్దీ ముట్టని గరీబ్ ముసల్మానులు. మా దాదావాళ్లు పన్నెండు రోజులు లంబాడీ తండాలో దాక్కున్నారు. తండా నాయక్ భార్య తన గాజులూ లంగా మా ఫూఫూకి తొడిగి పొలానికి తీసుకెళ్లేదట. ఆ ఇంటితో మాకు ఇప్పటికీ రాకపోకలు ఉన్నాయి.

మాలిక్‌లు ఏమయ్యారు? నిజాం 1950 నుంచి 1956 దాకా రాజ్‌ప్రముఖ్, ఏడాదికి 50 లక్షల భరణం. వజీర్-ఎ-ఆజం లాయఖ్ అలీ 1950లో నజర్‌బందీ నుంచి తప్పించుకొని పాకిస్తాన్. రజ్వీ 1957లో జైలు నుంచి వదలగానే పాకిస్తాన్. హిఫాజత్ ఇస్తామన్న ముగ్గురూ హిఫాజత్‌గానే ఉన్నారు. బిల్లు ఉస్మానాబాద్ గరీబుల పేరు మీద వచ్చింది. లాతెరన్ కాగితం మీద దస్తఖత్ చేసినవాళ్లు వేరు, స్లొవాకియా రైళ్లు ఎక్కింది వేరేవాళ్లు.

కాబట్టి ‘వాళ్లు మనోళ్లు కాదు’ అనే దాదీ మాట అబద్ధం, పిల్లలకి చెప్పొద్దు. చాలామంది మనోళ్లే, మా పల్లె కుర్రాడితో సహా. వాళ్ల చేతిలో చచ్చినవాళ్లలోనూ మనోళ్లున్నారు, వాళ్లకి ఎదురు రాసి చేయి పోగొట్టుకున్నవాడూ మనోడే. ఈ మూడూ కలిపి చెప్పలేకపోతే అసలు నోరు తెరవకపోవడమే నయం.

ఈ రాతకి ఇంకో సబబ్ కూడా ఉంది, భాంజీ ఒక్కతే కాదు. మన రాష్ట్ర సర్కారు ఇమాములకీ మౌజన్లకీ నెలకి 5000 గౌరవ వేతనం ఇస్తుంది. మంచిదే. మా ఇమామ్‌సాబ్‌కి ముగ్గురు పిల్లలు, ఆ డబ్బు లేకపోతే కష్టం. పోయిన ఎన్నికల ముందు ఒక లీడర్ జుమాకి వచ్చి మొదటి సఫ్‌లో కూర్చున్నాడు. నమాజు కాగానే ఇమామ్‌సాబ్ ఆయన కామ్యాబీ కోసం పేరు పెట్టి దుఆ చేశారు. వెనక సఫ్‌లలో కొందరు ఆమీన్ అన్నారు, కొందరు చెప్పులు వెతుక్కున్నారు. ఆ లీడర్ మంచోడో చెడ్డోడో నాకు అనవసరం. రేపు ఇంకొకడొస్తాడు, వర్దీ వేసుకొనే వస్తాడో ఏమో.

కమిటీ మీటింగులో నేను ఈ మాట ఎత్తాను. ఇకమీదట ఏ పార్టీ మనిషి పేరూ మింబర్ దగ్గర వినపడొద్దని తీర్మానం రాద్దామన్నాను. కొందరికి నచ్చింది, ఒకాయన ‘ఇంత చిన్నదానికి అంత పెద్ద మాటలెందుకు భాయ్’ అన్నాడు. ఇమామ్‌సాబ్ అందరి మాటా విని, గడ్డం నిమురుకుంటూ మెల్లగా అడిగారు. ‘నేను దుఆ చేయను భాయ్‌సాబ్. అది మనసులో పెట్టుకొని వాళ్లు నా పైసలు ఆపితే, ఆ ఐదు వేలు కమిటీ ఇస్తుందా?’

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఖజాంచీ పాస్‌బుక్కు తెరిచాడు. ఖాతాలో 11,400 ఉంది, అందులో కరెంటు బిల్లు ఇంకా కట్టాలి. నెలకి ఇంటికి వంద చొప్పున రాసుకుందామని ఎవరో అన్నారు. కాగితం చేతులు మారింది. నేను లేచే వేళకి పదిహేడు పేర్లు పడ్డాయి. ఇంకా ముప్ఫై మూడు కావాలి.